తెల్లమద్ది బెరడు : చెట్టు నుండి స్ఫటికం వరకు, స్ఫటికం నుండి రోగి వరకు



“వైద్యులుగారూ, మద్దిచెక్క కషాయం గుండెకు మంచిదట కదా, వాడమంటారా?” అని ద్వారకా నగర్‌లోని మా వైద్యశాలకు వచ్చే గృహస్థులలో అడగనివారు అరుదు. పూర్వం ఈ ప్రశ్నకు “వాడండి” అని ఒక్కమాటలో సమాధానం చెప్పేవాడిని. ఇప్పుడు అట్లా చెప్పడం లేదు. “ఏ మద్ది? ఎక్కడ కొన్నారు? దానితోపాటు ఇంకే మందులు వాడుతున్నారు?” అని మూడు ప్రశ్నలు ముందుగా నేనే అడుగుతున్నాను. ఈ మార్పు ఎందుకు వచ్చినదో, ఒక చెట్టు బెరడులో ఔషధశక్తి ఉన్నదని నిర్ధారించడానికి ఎన్ని మెట్లు ఎక్కవలసి ఉన్నదో ఈ వ్యాసంలో వివరిస్తాను. ఇందులో నా పొరపాటు కూడా ఒకటి కలదు. దానిని దాచక మొదటనే చెబుతాను.

ఒక రాత్రి నేర్పిన పాఠం

కొన్ని సంవత్సరాల క్రితం ఓడరేవులో ఉద్యోగం చేసి విశ్రాంతి తీసుకుంటున్న ఒక పెద్దమనిషి నా వద్దకు వచ్చారు. అంతకు ముందే గుండెపోటు వచ్చి, గుండె కండరం బలహీనపడి, హృద్రోగ నిపుణులు ఇచ్చిన మాత్రలు వాడుతున్నారు. “వాటితోపాటు మన వైద్యం కూడా ఏదైనా ఉంటే చెప్పండి” అన్నారు. నేను కాగితం మీద “మద్దిచెక్క క్షీరపాకం, ఉదయం ఒకసారి” అని వ్రాసి ఇచ్చి పంపినాను.

రెండు నెలలు గడిచినవి. ఆయనకు ఒళ్ళు తేలికగా ఉన్నట్లు తోచినది. మేడమెట్లు ఆయాసం లేకుండా ఎక్కగలుగుతున్నానని సంతోషించారు. ఆ సంతోషంలో, రోజుకు ఆరు మాత్రలు మింగే బదులు ఒక గ్లాసు పాలు చాలునని తలచి, ఇంట్లో వారికి గాని నాకు గాని చెప్పకుండా మాత్రలను ఒక్కొక్కటిగా మానివేసినారు. మూడవ వారంలో ఒక అర్ధరాత్రి ఆయన కుమారుడు మా ఇంటి తలుపు తట్టినాడు. వెళ్ళి చూస్తే ఆ పెద్దమనిషి పడుకోలేక మంచం మీద కూర్చుని ఎగశ్వాస తీస్తున్నారు. పాదాల మీద వేలితో నొక్కితే గుంట పడి అట్లాగే నిలిచిపోతున్నది. క్షణం ఆలస్యం చేయక ఆసుపత్రికి పంపించినాను. దైవకృప వల్ల పది రోజులలో కోలుకొని ఇంటికి వచ్చారు.

ఆ తరువాత ఆయన సతీమణి మిగిలిన చెక్కముక్కలను ఒక డబ్బాలో వేసుకొని నా ముందు పెట్టి, “మీ బెరడు పని చేయలేదా అండీ, లేక మేమే తప్పు చేసినామా?” అని అడిగింది. ఆ మాటలో కోపం లేదు. అందువల్లనే అది నన్ను మరింత బాధించినది.

డబ్బా తెరచి చూచినాను. ముక్కలలో సగానికి పైగా వెలుపల నల్లగా, గరుకుగా, లోతైన పగుళ్ళతో ఉన్నవి. అది తెల్లమద్ది కాదు, నల్లమద్ది. ఊళ్ళో ఒక మూలికల కొట్టులో కొన్నారట. కొట్టువానిని నిందించి ప్రయోజనమేమి? కాగితం మీద నేను “మద్దిచెక్క” అనే వ్రాసినాను గాని “తెల్లమద్ది” అని వ్రాయలేదు. తెచ్చిన చెక్కను నాకు చూపించమని చెప్పలేదు. అన్నిటికంటె ముఖ్యంగా, “ఆ మాత్రలు మానవద్దు” అన్న ఒక్కమాట నోటితో చెప్పలేదు. ఆయనకు ప్రాణం మీదికి తెచ్చినది మాత్రలు మానుటయే. చెక్క అసలైనదే అయి ఉన్నా ఆ మాత్రల పని అది చేసి ఉండేది కాదు. అయినను ఆ రాత్రి నుండి ఈ బెరడు గురించి నాకు తెలిసినదెంత, తెలియనిదెంత అని లెక్క చూచుకొనడం ప్రారంభించినాను.

చెట్టును గుర్తించుట మొదటి పరీక్ష

నేను గురుకులంలో చేరిన మొదటి సంవత్సరం మా గురువుగారు నన్ను కల్వం ముట్టనివ్వలేదు. సంచీ మోయడం, చెట్లు గుర్తుపట్టడం, ఇంతే పని. కళ్ళకు తుండు కట్టి నాలుక మీద బెరడు ముక్క పెట్టి “ఇదేమిటిరా అబ్బాయీ?” అని అడిగేవారు. తప్పు చెబితే ఆ పూట మరల అడవికి వెళ్ళవలసినదే. ఆనాడు అది శిక్షగా తోచినది. ఔషధ పరీక్షకు అది పునాది అని ఇప్పుడు తెలుస్తున్నది.

తెల్లమద్దిని సంస్కృతంలో అర్జున, కకుభ, పార్థ అని వ్యవహరిస్తారు. అర్జున శబ్దానికే తెలుపు అని అర్థం. వృక్షశాస్త్రంలో దీని పేరు టెర్మినేలియా అర్జున. ఏటిగట్లను, వాగుల ఒడ్డులను ఆశ్రయించి పెరుగుతుంది కనుక కొన్ని ప్రాంతాలలో ఏరుమద్ది అని కూడా అంటారు. దీని బెరడు వెలుపల నునుపుగా, బూడిద కలిసిన తెలుపు రంగులో ఉండి, పలుచని పెచ్చులుగా ఊడుతుంది. లోపలి వైపు లేత ఎరుపుగా మాంసపు రంగులో ఉంటుంది. నమిలితే నోరు వగరెక్కుతుంది.

నల్లమద్ది దీనికి దాయాది. అదీ టెర్మినేలియా జాతిలోనిదే. మెట్ట కొండలలో పెరుగుతుంది. బెరడు నల్లబారి, నిలువునా అడ్డంగా పగిలి మొసలి వీపును తలపిస్తుంది. రెండింటి కాయలకూ రెక్కలు ఉంటవి. రెండింటి ఆకులనూ టస్సర్ పట్టుపురుగులు తింటవి. చెట్టు నిలిచి ఉన్నప్పుడు పసివాడైనా తేడా చెప్పగలడు. ముక్కలు చేసి గోనెలో పోసిన తరువాత కష్టం. పొడి చేసిన తరువాత కంటికి అసాధ్యం.

ఇట్టి మోసం మద్దికే పరిమితం కాదు. అతిసారానికి వాడే కుటజం, అనగా పాలకొడిశ బెరడులో అంకుడు చెట్టు బెరడు కలుపుతారని ద్రవ్యగుణ పండితులు ఏనాటి నుండో హెచ్చరిస్తున్నారు. అంకుడు అంటే మనకు పరాయిది కాదు. మన ఏటికొప్పాక లక్క బొమ్మలు చేసే కర్ర అదే. బొమ్మకు శ్రేష్ఠమైన చెట్టు మందుకు శ్రేష్ఠం కావలెనన్న నియమం లేదు. పాలకొడిశ బెరడులో కొనెస్సీన్ అనే క్షారద్రవ్యం కలదు. అమీబా వల్ల కలిగే జిగట విరేచనాల మీద దాని ప్రభావాన్ని శాస్త్రజ్ఞులు పూర్వమే పరీక్షించినారు. చెట్టు మారితే లోపలి ద్రవ్యం మారుతుంది. పేరు మాత్రం కొట్టులో అదే ఉంటుంది.

మన వాల్తేరులో జరిగిన పని

బెరడు లోపల ఏమున్నదో విడదీసి చూచే విద్య ఎక్కడో విదేశాలలో మాత్రమే జరిగినదని చాలామంది భావన. అది సరికాదు. మా ద్వారకా నగర్‌కు కూతవేటు దూరంలో, 1926లో స్థాపితమైన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు రసాయనశాస్త్ర విభాగంలో ఆ పని దశాబ్దాల తరబడి జరిగినది. 1930వ దశకంలో వాల్తేరు వచ్చి, 1949లో ఢిల్లీకి వెళ్ళే వరకు ఇక్కడ బోధించిన ఆచార్య టి.ఆర్. శేషాద్రిగారు వృక్షజన్య ద్రవ్యాల పరిశోధనకు ఇక్కడ గట్టి పునాది వేసినారు. కామెర్లకు మనం వాడే నేలఉసిరిక నుండి ఫిలాంథిన్ అనే చేదు ద్రవ్యాన్ని 1946లో వారి బృందమే వెలువరించినది. దాని సంపూర్ణ నిర్మాణం 1966లో ఇక్కడి ఆచార్య ఎల్. రామచంద్రరావుగారి బృందం ప్రకటించే వరకు తేలలేదు. ఒక చిన్న మొక్కలోని ఒక్క పదార్థం ఎట్టిదో చెప్పడానికి 20 సంవత్సరాలు పట్టినదన్న మాట.

ఆ రామచంద్రరావుగారి బృందమే మద్ది జాతి వృక్షాలను వరుసగా పరిశీలించి అనేక భాగాలుగా వ్యాసాలు ప్రకటించినది. 1970లో తెల్లమద్ది బెరడు నుండి అర్జునిక ఆమ్లం అనే కొత్త పదార్థాన్ని, దానికి చక్కెర అణువు జతకూడిన అర్జునెటిన్ అనే మరొక పదార్థాన్ని వేరుచేసి, వాటి నిర్మాణాన్ని నిర్ణయించినారు. అర్జునిక ఆమ్లంలో 30 కర్బన పరమాణువులు, 48 ఉదజని పరమాణువులు, 5 ఆమ్లజని పరమాణువులు ఉన్నవి. ఇట్టివాటిని ట్రైటెర్పీనులు అంటారు. ఆ సంవత్సరం నేను పలక పట్టుకొని ఎక్కాలు వల్లించే బాలుడను. ఆ తరువాత గురుకులంలో చేరి ఎన్నో ఏళ్ళు అదే బెరడును దంచినాను. ఈ ఊరికే వచ్చి వైద్యశాల పెట్టినాను. ఈ ఊళ్ళోనే దాని లోగుట్టు విప్పినారని మాత్రం, ఆ చెక్కముక్కల డబ్బా చేతికి వచ్చే వరకు ఎరుగను.

బెరడు నుండి స్ఫటికం వరకు

విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్రం బోధించి విశ్రాంతి పొందిన ఒక ఆచార్యులు నాకు మిత్రులు. ఆ డబ్బా పట్టుకొని వారి వద్దకు వెళ్ళినాను. “వైద్యులవారూ, మీరు కషాయం కాచేటప్పుడు చేసేదే మేమూ చేస్తాము. కాకపోతే మీరు అన్నిటినీ కలిపి పుచ్చుకుంటారు, మేము ఒక్కొక్కదానిని విడదీస్తాము” అని నవ్వి, క్రమం వివరించినారు. గృహిణులకు అర్థమయ్యే రీతిలో ఆ క్రమం ఇది.

మొదటిది, చెట్టును నిర్ధారించుట. ఆకు, పూవు, కాయతో కూడిన కొమ్మను ఎండబెట్టి, అట్ట మీద అతికించి, వృక్షశాస్త్రజ్ఞుడు పేరు నిర్ణయించిన తరువాత భద్రపరుస్తారు. రేపు ఎవరైనా సందేహిస్తే ఆ కొమ్మయే సాక్షి.

రెండవది, నీడన ఆరబెట్టి ముతక పొడి చేయుట. మన శాస్త్రంలోనూ ఇదే విధి.

మూడవది, సారం తీయుట. సాక్స్‌లెట్ అనే గాజు పరికరంలో పొడిని ఉంచి, క్రింద ద్రావణిని కాచుతారు. ఆవిరి పైకి పోయి, చల్లబడి, బొట్లుగా పొడి మీద పడుతుంది. నిండిన తరువాత క్రిందికి దిగి, మరల ఆవిరి అవుతుంది. కాఫీ ఫిల్టరులో డికాక్షన్ దిగినట్లే గాని, ఒకే పొడి మీద మాటిమాటికి స్వచ్ఛమైన ద్రావణి పడుతూ ఉంటుంది. ముందుగా హెక్సేన్ వంటి ద్రావణితో కొవ్వులు, మైనం తొలగించి, పిదప ఆల్కహాలుతో అసలు సారాన్ని దింపుతారు. మనం ఆసవ అరిష్టాలలో పులియబెట్టి పుట్టించే మద్యాంశం చేసే పనులలో ఇది ఒకటి. నీటికి లొంగని గుణాలను అది బయటకు లాగుతుంది.

నాలుగవది, విడదీయుట. పొడవైన గాజు గొట్టంలో సిలికా జెల్ అనే తెల్లని పొడి నింపి, పైన సారం పోసి, ద్రావణులను ఒకదాని తరువాత ఒకటి దింపుతారు. పిల్లలు సుద్దముక్క మీద సిరాచుక్క వేసి నీటిలో నిలబెట్టినప్పుడు రంగులు వేర్వేరు ఎత్తులకు ప్రాకడం చూచి ఉంటారు. సూత్రం అదే. కొన్ని పదార్థాలు త్వరగా దిగుతవి, కొన్ని అంటుకొని ఆలస్యంగా దిగుతవి. వచ్చినదానిని వరుసగా చిన్న సీసాలలో పట్టుకుంటారు.

ఐదవది, స్ఫటికీకరణం. పటికబెల్లం పలుకులు కట్టినట్లే, స్వచ్ఛమైన పదార్థం తగిన ద్రావణిలో పలుకులు కడుతుంది. ఆ పలుకు ఎంత వేడికి కరుగుతుందో చూస్తారు. పిదప పరారుణ వర్ణపటం, ఎన్.ఎం.ఆర్., ద్రవ్యరాశి వర్ణపటం మొదలైన పరీక్షలతో అణువు ఆకారాన్ని నిర్ణయిస్తారు.

ఇది వివరించిన తరువాత నా మిత్రులు ఒక చిన్న పరీక్ష చేయించి చూపినారు. సిలికా జెల్ పూసిన పలక మీద ఒక వైపు నమ్మకమైన తెల్లమద్ది సారం, ఇంకొక వైపు నేను తెచ్చిన చెక్క సారం చుక్కలుగా పెట్టి, ద్రావణిలో నిలబెట్టి, ఆరిన తరువాత రసాయనం చల్లి వేడిచేసినారు. రెండు వరుసలలోనూ ఊదారంగు మచ్చలు లేచినవి. కొన్ని ఎదురెదురుగా కుదిరినవి, కొన్ని కుదరలేదు. “ఒక మచ్చ కలిసినంత మాత్రాన అదే చెట్టు అనరాదు. మద్దులన్నీ ఒకే వంశం, కొన్ని పదార్థాలు ఇంటింటా ఉంటవి. మొత్తం వరుసను చూడవలెను” అన్నారు. మా గురువుగారు నాలుక మీద పెట్టి చేయించిన పరీక్షను ఈయన పలక మీద చేయించినారని నాకు తోచినది.

స్ఫటికం దొరికితే మందు దొరికినట్లేనా?

కాదు. ఇక్కడి నుండి రెండవ యాత్ర మొదలవుతుంది.

ఒక పదార్థం గాజునాళికలో ఒక ఎంజైమును అడ్డగించవచ్చును. ఆ తరువాత ఎలుకల వంటి జంతువుల మీద చూస్తారు. ఉదాహరణకు, ఐసోప్రొటెరినాల్ అనే రసాయనంతో ఎలుక గుండెకు గాయం కలిగించి, ముందుగా బెరడు సారం ఇచ్చిన ఎలుకలలో ఆ గాయం తగ్గినదా అని పరిశీలిస్తారు. ఎంత మాత్ర విషమవుతుందో చూస్తారు. ఇవన్నీ దాటిన తరువాతనే మనుష్యులు. గాజునాళికలో పనిచేసినది ఎలుకలో పనిచేయకపోవచ్చును. ఎలుకలో పనిచేసినది మనిషిలో పనిచేయకపోవచ్చును.

ఈ యాత్ర పూర్తి చేసిన బెరడులు లోకంలో కొన్ని ఉన్నవి. సింకోనా బెరడు నుండి 1820లో ఫ్రాన్సులో పెల్లెటియే, కావెంటూ అనే ఇరువురు క్వినైన్ వేరుచేసినారు. మలేరియా చికిత్స దానితో మారిపోయినది. పసిఫిక్ యూ అనే అమెరికా చెట్టు బెరడును 1962లో సేకరించగా, టాక్సాల్ అనే పదార్థం నిర్మాణం 1971లో ప్రకటితమై, 1992లో అండాశయ క్యాన్సరుకు మందుగా అనుమతి లభించినది. బెరడు చేతికి వచ్చిన నాటి నుండి రోగి చేతికి మందు వచ్చే వరకు 30 సంవత్సరాలు. విల్లో చెట్టు బెరడులోని సాలిసిన్ గురించి జరిగిన పరిశోధన పరంపరలోనే, 1897లో బేయర్ సంస్థలో ఆస్పిరిన్ తయారైనది. నా రోగి విసుగుపుట్టి మానివేసిన ఆరు మాత్రలలో ఆస్పిరిన్ ఒకటి. “బెరడు ఉండగా మాత్రలెందుకు?” అని ఆయన పారవేసిన మాత్రకు కూడా పూర్వీకురాలు ఒక చెట్టు బెరడే!

మనుష్యుల మీద తెల్లమద్ది పరీక్షలు

తెల్లమద్ది ఈ యాత్రలో ఎంతవరకు వచ్చినది? నిజాయితీగా చెప్పుకొనవలెను.

1995లో ఇండోరు వైద్యులు ప్రకటించిన పరిశోధనలో, మామూలు చికిత్సకు లొంగని తీవ్రమైన హృదయ వైఫల్యం గల 12 మందికి తెల్లమద్ది బెరడు సారం 500 మిల్లీగ్రాముల చొప్పున 8 గంటలకు ఒకసారి రెండు వారాలు, రూపంలో అట్టిదే అయిన ఉత్తుత్తి మందు రెండు వారాలు, మధ్యలో రెండు వారాలు విరామమిచ్చి వాడినారు. ఏది ఎప్పుడిచ్చినారో రోగికి గాని వైద్యునికి గాని తెలియదు. బెరడు సారం ఇచ్చిన కాలంలో రోగులు మెరుగుపడినారు. 2002లో అదే ఇండోరు వైద్యులు నడచినప్పుడు గుండెనొప్పి వచ్చే 58 మంది పురుషులలో దీనిని ఐసోసార్బైడ్ మోనోనైట్రేట్ అనే మందుతోను, ఉత్తుత్తి మందుతోను పోల్చి, అనుకూల ఫలితాలు ప్రకటించినారు.

ఇంతవరకు చదివి సంతోషించి ఆగిపోరాదు. 2016లో ప్రకటితమైన, ఢిల్లీ అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థవారి పరిశోధన ఇంకా పెద్దది. హృదయ వైఫల్యం గల 100 మందిని తీసుకొని, బెరడు జలసారాన్ని 750 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు రెండుసార్లు 12 వారాలు ఇచ్చి, ఉత్తుత్తి మందుతో పోల్చినారు. గుండె ఒక్కొక్క కొట్టుకు ఎంత శాతం రక్తాన్ని వెలికి నెట్టుచున్నదనే ముఖ్యమైన కొలతలో తేడా కనిపించలేదు. కొందరిలో శ్రమకు ఓర్చుకొనే శక్తి వంటి కొన్ని విషయాలలో మెరుగుదల కనిపించినది.

ఈ విషయం చదివినప్పుడు ఆయుర్వేదం అన్నంగా బ్రతుకుతున్న నాకు మనసు చివుక్కుమన్నది. కాని ఇందులో రెండు సత్యాలు ఉన్నవి. ఒకటి, 12 మంది మీద, రెండు వారాలలో కనిపించిన మేలు 100 మంది మీద, 12 వారాలలో అంత స్పష్టంగా నిలవలేదు. రెండవది, నా రోగికి సంబంధించినది. 1995లోని ఆ 12 మంది గాని, 2016లోని ఆ 100 మంది గాని, తమ మామూలు మాత్రలు వాడుతూనే ఈ బెరడును పుచ్చుకున్నారు. మాత్రలకు బదులుగా కాదు. తెల్లమద్దిని మెచ్చుకొనే పరిశోధన కూడా మాత్రలు మానమని చెప్పలేదు.

ఇందులో ఏ పదార్థం పని చేస్తున్నదనే ప్రశ్న ఇంకా మిగిలియే ఉన్నది. బెరడులో ట్రైటెర్పీనులు, వాటి చక్కెర రూపాలు, ఫ్లేవనాయిడులు, టానినులు, పుష్కలంగా సున్నపు అంశం కలవు. అర్జునిక ఆమ్లం ఒక్కటే సర్వస్వం అనడానికి వీలులేదు. ఇది నీటిలో అంతగా కరిగేది కాదు. చక్కెర అణువు జతకూడిన అర్జునెటిన్ నీటితో కొంత ఎక్కువ చెలిమి చేస్తుంది. కనుక సీసాలోని సారం, మన పాత్రలోని కషాయం, రెండూ ఒకటే అనుకొనరాదు.

పరీక్ష మనకు పరాయిది కాదు

“ఋషులు చెప్పిన దానికి మరల పరీక్ష ఏమిటి?” అని కొందరు పెద్దలు కోపగించుకుంటారు. వారికి నా విన్నపం ఇది. చరకాచార్యులు సత్యాన్ని తెలిసికొనడానికి ఆప్తోపదేశం, ప్రత్యక్షం, అనుమానం, యుక్తి అని నాలుగు విధాల పరీక్ష చెప్పినారు. ఆప్తోపదేశం మొదటిదే గాని, ఏకైకం కాదు. అదీగాక, చరకంలో అర్జునం ఉదర్ద ప్రశమన గణంలో, అనగా దద్దుర్లను శమింపజేసే ద్రవ్యాలలో కనిపిస్తుంది. హృదయానికి హితమైన దశకంలో కనిపించదు. ఆ దశకంలో మామిడి, రేగు, దానిమ్మ, మాదీఫలం వంటివి ఉన్నవి. 11వ శతాబ్దపు చక్రపాణిదత్తుని గ్రంథం నాటికి అర్జున క్షీరపాకం హృద్రోగ చికిత్సలో స్థిరపడినది. అనగా మన పూర్వ వైద్యులు కూడా వాడి, చూచి, ఫలితం గమనించి, విద్యను పెంచుకున్నారు. వారు ఆగని చోట మనం ఎందుకు ఆగవలెను?

ద్రవ్యగుణశాస్త్రంలో అర్జునం కషాయ రసం, శీత వీర్యం, కటు విపాకం అని చెప్పి, హృదయం మీద దాని పనిని మాత్రం ప్రభావం అని వేరుగా చెబుతారు. రసవీర్య విపాకాలతో వివరింపశక్యం కాని పనిని ప్రభావం అంటాము. రసాయనశాస్త్రజ్ఞుడు గాజు గొట్టం ముందు కూర్చుని వెదకుతున్నది ఈ ప్రభావాన్నే అని నా అభిప్రాయం.

గృహస్థులు పాటించవలసినవి

1. తెల్లమద్దిని పొడిగా కొనవద్దు. చెక్కగానే కొని, వైద్యునికి చూపించి, ఇంట్లో దంచుకొనండి. వెలుపల తెలుపు, లోపల లేత ఎరుపు ఉండవలెను. నల్లని పగుళ్ళు ఉంటే తిరిగి ఇచ్చివేయండి.

2. తయారీ సంస్థల పొడి కొనక తప్పనప్పుడు, ఆయుర్వేద ఫార్మకోపియా ప్రమాణాలకు లోబడినదేనా అని చూడండి. దాని ప్రకారం తెల్లమద్ది బెరడును కాల్చగా మిగిలే బూడిద 25 శాతానికి మించరాదు. ఆమ్లంలో కరగని బూడిద, అనగా ఇసుక మట్టి వంటిది, 1 శాతానికి మించరాదు. నీటిలో దిగే సారం 20 శాతానికి తగ్గరాదు. బూడిద ఇంత ఎక్కువ అనుమతించడానికి కారణం ఈ బెరడులో సహజంగానే సున్నపు స్ఫటికాలు మెండుగా ఉండుట.

3. క్షీరపాక విధి: ముతక పొడి ఒక పాలు, ఆవుపాలు ఎనిమిది పాళ్ళు, నీరు ముప్పది రెండు పాళ్ళు. అనగా పొడి 5 గ్రాములు, ఆవుపాలు 40 మిల్లీలీటర్లు, నీరు 160 మిల్లీలీటర్లు కలిపి, సన్నని సెగ మీద నీరంతా ఇగిరి పాలు మాత్రం మిగిలే వరకు కాచి వడగట్టవలెను. పెనుమంట పెట్టి పది నిమిషాలలో దించినది క్షీరపాకం కాదు. ఎవరికి, ఎన్ని రోజులు అన్నది వైద్యుడు నాడి, అగ్నిబలం చూచి నిర్ణయించవలెను.

4. హృద్రోగ నిపుణులు ఇచ్చిన మాత్రలను ఈ బెరడును నమ్ముకొని ఎంత మాత్రం మానరాదు, తగ్గించుకొనరాదు. ఒళ్ళు తేలికగా ఉన్నదంటే మాత్రలు పనిచేస్తున్నవని అర్థం గాని, అవసరం తీరినదని అర్థం కాదు.

5. బెరడు వాడుతున్న సంగతి ఆ నిపుణులకు తప్పక చెప్పండి. కాలేయంలో మందులను విరిచే కొన్ని ఎంజైముల పనిని తెల్లమద్ది సారం అడ్డగించగలదని ప్రయోగశాలలో కనిపించినది. రక్తం పలుచబడే మందులు, రక్తపోటు మందులు, మధుమేహం మందులు వాడేవారు మరింత జాగ్రత్తగా ఉండవలెను. గర్భిణులు, పాలిచ్చే తల్లులు స్వయంగా వాడరాదు.

6. ఛాతీలో నొప్పి, పడుకుంటే ఆయాసం, పాదాల వాపు, కళ్ళు తిరుగుట, వీటిలో ఏది కనిపించినా కషాయం కాచుకొంటూ కూర్చొనవద్దు. వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.

7. పెరటిలో గాని పొలంగట్టున గాని చెట్టు ఉన్నవారు బెరడును చుట్టూ ఒలవవద్దు. చుట్టూ ఒలిచిన చెట్టు చనిపోతుంది. శరదృతువులో, ఒక వైపున అరచేతి వెడల్పు తీసి, అది పూడే వరకు మరల ముట్టకూడదు. యూ చెట్టుకు పట్టిన గతి మన మద్దికి పట్టరాదు. అక్కడ బెరడు కోసం చెట్లు నేలకూలగా, తరువాత మరొక జాతి యూ చెట్టు ఆకులలోని పదార్థం నుండి ఆ మందు తయారుచేయడం నేర్చుకున్నారు.

ముగింపు

ఆ ఓడరేవు పెద్దమనిషి ఇప్పటికీ నా వద్దకు వస్తూనే ఉన్నారు. ఆరు మాత్రలు వేసుకొని, గోడ క్యాలెండరులో గుర్తు పెట్టుకొని, ఆ తరువాత చిన్న గిన్నెడు క్షీరపాకం పుచ్చుకుంటారు. హృద్రోగ నిపుణులకు ఆ సంగతి తెలుసు. కొత్త చెక్క కొన్నప్పుడల్లా ఆయన సతీమణి కాచడానికి ముందు రెండు ముక్కలు తెచ్చి నా బల్ల మీద పెడుతుంది. నేను విరిచి చూచి, కొంచెం నమిలి, “ఇది తెల్లమద్దే తల్లీ, కాచుకొనండి” అంటాను. కిందటి మాఘంలో మాత్రం ఒక ముక్కను వేరుచేసి “ఇది వద్దు” అన్నాను. ఆమె దానిని కొంగున ముడివేసుకొని, కొట్టువానికి చూపించడానికి వెళ్ళింది.

మందు కాగితం మీద ఇప్పుడు నేను “తెల్లమద్ది” అని పూర్తిగా వ్రాస్తున్నాను. దాని క్రింద “మాత్రలు మానవద్దు” అని గీత గీసి మరీ వ్రాస్తున్నాను.